ముఖం కప్పుకోవడాన్ని ప్రభుత్వం నిషేధించవచ్చా? నిషేధిస్తే ఎక్కడి వరకు?

ప్రశ్న అడిగినవారు: నదీతీరం

మతాచారం ప్రకారం ముఖం కప్పుకొని బయటికి వచ్చేవారిని చట్టంతో కట్టడి చేసే అధికారం ప్రభుత్వానికి ఉండాలా అన్న విషయం మీద సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తల మాత్రమే కప్పి ముఖం కనిపించేలా ఉంచే హిజాబ్ గురించి నేను అడగడం లేదు. కళ్లు తప్ప ముఖమంతా కప్పే నిఖాబ్, కళ్ల ముందు కూడా జాలీ ఉండే బురఖా, ఈ రెండింటి గురించే అడుగుతున్నాను. వీటినీ హిజాబ్‌నూ కలగలిపి మాట్లాడడం వల్లనే ఇలాంటి చర్చలు చాలాసార్లు దారి తప్పుతాయి కనుక ముందుగానే చెబుతున్నాను.

ఫ్రాన్స్ 2010లో చట్టం చేసి 2011 ఏప్రిల్ 11 నుంచి అమలు చేసింది. బెల్జియం, ఆస్ట్రియా, డెన్మార్క్ అదే బాట పట్టాయి. స్విట్జర్లాండ్‌లో 2021 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే 51.2 శాతం మంది నిషేధం వైపు మొగ్గారు, ఆ నిషేధం 2025 జనవరి 1న అమలులోకి వచ్చింది. మరోవైపు అఫ్గానిస్థాన్‌లో 2022 మే నెలలో తాలిబన్ పాలకులు, బయటికి వచ్చే స్త్రీలు ముఖం కప్పుకొని తీరాలని ఆజ్ఞ జారీ చేశారు.

నిషేధాన్ని సమర్థించేవారు సాధారణంగా మూడు కారణాలు చెబుతారు. ముఖం కనిపించకపోతే మనిషి ఎవరో తెలియదు కనుక భద్రతకు ముప్పు అంటారు. ముసుగు స్త్రీని అణచిపెట్టే సాధనం అంటారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని చోట కలిసి బతకడం సాధ్యం కాదంటారు. వీటిలో నిజంగా బలమున్న వాదం ఏది, పైకి చెప్పుకోవడానికి మాత్రమే పనికొచ్చేది ఏది? వీధికీ, కోర్టుకూ, తరగతి గదికీ ఒకే నియమం సరిపోతుందా?

సమాధానం: కచేరీమెట్లు

మీరు చివర అడిగిన ప్రశ్నలోనే నా సమాధానం చాలావరకు ఉంది. ముఖం చూపించవలసిన సందర్భం ఒకటి, ముఖం ఎల్లవేళలా కనిపిస్తూ ఉండాలన్న నిబంధన మరొకటి. మొదటిదాన్ని ఏ ప్రభుత్వమైనా కోరవచ్చు, ఆ కోరికను కాదనడానికి నాకు న్యాయమైన కారణం కనిపించదు. రెండవది వేరే సంగతి. నడిచి పోతున్న మనిషిని, ఏ పనీ పెట్టుకోకపోయినా, ఏ అనుమానమూ లేకపోయినా, ఆమె బట్టల కారణంగానే నేరస్థురాలిగా లెక్కగట్టడం అది.

ఈ తేడాను బాగా చూపించే కేసు ఎస్.ఎ.ఎస్. వర్సెస్ ఫ్రాన్స్. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం విస్తృత ధర్మాసనం 2014 జులై 1న తీర్పు ఇచ్చింది. ఫిర్యాదు చేసిన స్త్రీ పాకిస్థాన్‌లో పుట్టిన ఫ్రెంచ్ పౌరురాలు. తనను భర్త గాని మరెవరు గాని బలవంతపెట్టడం లేదని, నిఖాబ్‌ను అన్నివేళలా వేసుకోనని, మనసు కోరినప్పుడు మాత్రమే వేసుకుంటానని, విమానాశ్రయంలోనో బ్యాంకులోనో తనిఖీ కోసం అడిగితే తీయడానికి అభ్యంతరం లేదని ఆమె చెప్పుకున్నారు. అంటే ముఖం చూపించడానికి ఆమె ముందే ఒప్పుకున్నారు. వివాదమంతా మిగతా వేళల గురించే.

ఇప్పుడు న్యాయస్థానం ఏం చేసిందో చూడండి. భద్రత వాదాన్ని అంగీకరించలేదు, ఎందుకంటే అవసరమైనప్పుడు ముఖం చూపించమంటే సరిపోయే చోట సంపూర్ణ నిషేధం ఎందుకన్న ప్రశ్నకు ఫ్రాన్స్ ప్రభుత్వం దగ్గర తగిన జవాబు లేకపోయింది. స్త్రీ పురుష సమానత్వం వాదాన్నీ తోసిపుచ్చింది. స్త్రీలే తమ హక్కుగా కోరుతున్న ఆచారాన్ని, వారి సమానత్వం పేరుతోనే నిషేధించడం కుదరదంది. మానవ గౌరవం వాదమూ నిలవలేదు. చివరికి మిగిలింది ‘కలిసి బతకడం’ అన్న ఒక్క కారణమే. దాని మీదనే, పదిహేను మంది న్యాయమూర్తులు అటు, ఇద్దరు ఇటు ఉండగా, ఫ్రాన్స్ చట్టం గట్టెక్కింది. విభేదించిన ఇద్దరూ రాసిన మాట నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది: బహిరంగ ప్రదేశంలో ఇతరులతో కలవకుండా, మాట కలపకుండా తన మానాన తాను ఉండే హక్కు కూడా వ్యక్తిగత జీవితంలో భాగమేనన్నారు.

కనుక మీరు చెప్పిన మూడు కారణాలలో, జనం ఎక్కువగా వల్లించే రెండూ ఆ న్యాయస్థానంలో వీగిపోయాయి. నిలిచినది అన్నిటికంటే అస్పష్టమైనది. అస్పష్టమైన కారణంతో గెలిచిన చట్టం రేపు దేనికైనా దారి చూపుతుందన్నది నా భయం. 2018 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం అదే ఫ్రాన్స్ చట్టం మీద ఇద్దరు స్త్రీలు చేసిన ఫిర్యాదులను పరిశీలించి, వారి మత స్వేచ్ఛకు భంగం కలిగిందని తేల్చింది. ఇలాంటి నిషేధం ఆ స్త్రీలను కాపాడడానికి బదులు ఇంటికే పరిమితం చేయవచ్చని కూడా హెచ్చరించింది. ఆ సంఘం అభిప్రాయం న్యాయస్థానం తీర్పులా ప్రభుత్వాన్ని కట్టిపడేయదు గాని, ఒకే చట్టాన్ని రెండు అంతర్జాతీయ వేదికలు చూసి చెరో మాట చెప్పాయంటే విషయం ఇంకా తేలలేదనే అర్థం.

సమాధానం: నిలువుటద్దం

కచేరీమెట్లు గారు న్యాయస్థానం మాటలను చక్కగా వివరించారు గాని, నేను ఆయనతో ఏకీభవించలేను. నేను పరిమిత నిషేధాన్ని కాదు, ఫ్రాన్స్ తరహా నిషేధాన్నే సమర్థిస్తాను. ఈ మాట అనగానే మత ద్వేషం అంటగట్టేవారు ఉంటారు కనుక నా కారణాలను కాస్త వివరంగా చెబుతాను.

ఎస్.ఎ.ఎస్. కేసులోని స్త్రీ తన ఇష్టంతోనే వేసుకుంటున్నానన్నారు. నమ్ముతాను. అయితే ఇష్టం లేకుండా వేసుకుంటున్న స్త్రీ ఏ న్యాయస్థానానికి వెళ్తుంది? ఏ న్యాయవాదిని పెట్టుకుంటుంది? బలవంతానికి లోనైన మనిషి గొంతు మనకు వినిపించకపోవడమే ఆ బలవంతం స్వభావం. కోర్టు మెట్లెక్కగలిగిన వారి వాంగ్మూలం చూసి, ఎక్కలేని వారి పరిస్థితిని నిర్ణయించడం సరికాదు. ఫ్రాన్స్ చట్టంలో ఎక్కువ మంది పట్టించుకోని భాగం ఒకటి ఉంది. ముఖం కప్పుకున్న స్త్రీకి పడే జరిమానా గరిష్ఠంగా 150 యూరోలు మాత్రమే. ఆమెను బలవంతంగా కప్పుకునేలా చేసినవాడికి మాత్రం ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా. బలవంతానికి గురైనది మైనరు అయితే ఆ శిక్ష రెట్టింపు. చట్టం కోపం ఎవరి మీదో ఈ అంకెలే చెబుతాయి.

నిషేధం ఉంటే ఇంట్లో ఎదురు చెప్పలేని ఆడపిల్లకు ఒక సాకు దొరుకుతుంది. ‘నాకు ఇష్టం లేదు’ అని తండ్రితో అనలేని పిల్ల ‘పోలీసులు పట్టుకుంటారు’ అనగలదు. ఇది చిన్న ఉపకారం కాదు.

కలిసి బతకడం అన్న కారణాన్ని అస్పష్టమైనదిగా తేల్చేశారు. మనం ఎదుటివారి మాటను సగం ముఖంలోనే చదువుతాం. చిరునవ్వు, విసుగు, భయం, సిగ్గు, అన్నీ అక్కడే కదా. నేను ఎదుటివారికి కనిపిస్తూ, ఎదుటివారు నాకు కనిపించకుండా ఉంటే ఆ సంబంధం సమానమైనది కాదు. ఫ్రాన్స్ దిగువ సభలో ఆ బిల్లుకు అనుకూలంగా 335 ఓట్లు, వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు పడ్డాయి. ప్రతిపక్ష సభ్యులు చాలామంది ఓటింగుకు దూరంగా ఉన్నారన్నది నిజమే, కాని వ్యతిరేకంగా ఓటు వేయడానికి కూడా వారు ముందుకు రాలేదు.

సమాధానం: జాజిపందిరి

నేను నిఖాబ్ వేసుకుంటాను. మా అక్క వేసుకోదు. మా ఇద్దరినీ పెంచినది ఒకే తల్లి, ఒకే తండ్రి. ఇది చెప్పకుండా వాదన చేస్తే నా మాటలకు మరో అర్థం తీస్తారని ముందుగా చెబుతున్నాను.

ముఖం కప్పుకోవడం తప్పనిసరా కాదా అన్న విషయంలో ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితుల మధ్య శతాబ్దాలుగా భేదాభిప్రాయం ఉంది. తప్పనిసరి కాదనేవారే ఎక్కువ. హజ్ యాత్రలో ఇహ్రామ్ అనే దీక్షా స్థితిలో ఉన్న స్త్రీ నిఖాబ్ ధరించకూడదన్న నియమం ఉంది. 2009లో ఈజిప్టులోని ప్రసిద్ధ ఇస్లామీయ విద్యాసంస్థ అల్ అజ్హర్ పెద్ద అయిన షేక్ తంతావీ నిఖాబ్ మతవిధి కాదని, అది ఆచారం మాత్రమేనని చెప్పి, తమ సంస్థలో ఆడపిల్లలు మాత్రమే ఉండే తరగతులలో దాన్ని నిషేధించారు. నిషేధాన్ని కోరేవారు ఈ ఉదాహరణలను తరచూ ముందుకు తెస్తారు. ‘మీ మతమే తప్పనిసరి కాదంటోంది కదా, తీసేస్తే ఏం పోయింది’ అంటారు. మతంలో ఏది ముఖ్యం, ఏది కాదు అని తేల్చే పండితుడి పాత్ర ప్రభుత్వానికి ఎవరిచ్చారన్నదే నా ప్రశ్న. తప్పనిసరి కాని భక్తి కూడా భక్తే. జైనుల్లో స్థానకవాసి సాధువులు, సాధ్వులు నోటికి తెల్లని గుడ్డ కట్టుకుంటారు. జైనులందరూ కట్టుకోరు కాబట్టి అది వారికి అనవసరమని ఏ అధికారైనా అనగలడా?

నిలువుటద్దం గారు మా గొంతు వినిపించదన్నారు. వినిపించినా నమ్మరు, అదే అసలు బాధ. నా ఇష్టమంటే నీకు తెలియని బలవంతమంటారు, బలవంతమంటే చూశారా అంటారు. ఏం చెప్పినా ఒకే తీర్పు వచ్చే చోట నా వాంగ్మూలానికి విలువేముంది?

ముఖం చూపించవలసిన చోట ఎలా జరుగుతుందో తెలియనివారి కోసం చెబుతాను. విమానాశ్రయంలో పాస్‌పోర్టు తనిఖీ దగ్గర మహిళా అధికారి ఉంటే పక్కనున్న తెర వెనక్కి పిలుస్తారు. ముక్కు మీది గుడ్డను కిందికి దించుతాను. ఆమె ఫొటో వంక, నా వంక చూస్తారు, కొందరు గడ్డం కొంచెం పైకెత్తమంటారు. అంతే, స్టాంపు వేసి పంపిస్తారు. పాస్‌పోర్టులో ఉన్న ఫొటో కూడా ముఖం పూర్తిగా కనిపించేదే. మహిళా అధికారి లేని చోట మాత్రం గొడవ మొదలవుతుంది. ఒక పరీక్షా కేంద్రంలో నా కోసం మహిళా ఉద్యోగిని పిలవడానికి నిరాకరించి, అందరి ముందూ తీయమన్నారు. తీశాను, పరీక్ష రాశాను. ఆ రోజు లోటు నా ముసుగులో లేదు, పిలిస్తే వచ్చే మహిళా ఉద్యోగిని అక్కడ నియమించకపోవడంలో ఉంది.

సమాధానం: ఎర్రసిరా

మతం పక్కన పెట్టి, ఇలాంటి చట్టాలు రాసే తీరు గురించి ఒక మాట.

ఫ్రాన్స్ చట్టంలో ఇస్లాం పేరు గాని, ఏ మతం పేరు గాని ఉండదు. ముఖాన్ని దాచే దుస్తులు బహిరంగ ప్రదేశంలో ఎవరూ ధరించకూడదని మాత్రమే ఉంటుంది. ఆరోగ్యం, వృత్తి, క్రీడలు, పండుగలు, కళా ప్రదర్శనల కోసమైతే మినహాయింపు. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే ఫ్రాన్స్ మాస్కును తప్పనిసరి చేసింది, 2010 చట్టమూ అలాగే కొనసాగింది. ఆ రోజుల్లో ముక్కూ నోరూ కప్పుకోవడం ప్రజల బాధ్యత, మతం కోసం అదే భాగం కప్పుకోవడం నేరం. ముఖం కనిపించకపోతే కలిసి బతకలేమన్న వాదనను కోట్లాది మంది ముక్కూ నోరూ కప్పుకొని బతికి చూపించారు. ఆస్ట్రియాలో 2017 అక్టోబరులో చట్టం వచ్చిన మొదటి రోజుల్లోనే, ఒక దుకాణం ప్రచారం కోసం సొరచేప వేషం వేసుకొని నిలబడ్డ మనిషికి పోలీసులు జరిమానా వేశారు. నవ్వు వచ్చే సంగతే గాని, తటస్థంగా రాసిన చట్టాన్ని తటస్థంగా అమలు చేస్తే జరిగేది అదే.

ఇంకొక దారి కూడా ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రం 1951లో ముఖం దాచడాన్ని నిషేధించినది ముసుగుల్లో వచ్చి నల్లజాతి వారిని బెదిరించే కు క్లక్స్ క్లాన్ వారిని అడ్డుకోవడానికి. హాంకాంగ్ పాలకులు 2019 అక్టోబరులో అత్యవసర అధికారాలతో ముసుగులను నిషేధించినది నిరసనకారుల ముఖాలు గుర్తుపట్టడానికి. ఉద్దేశం మంచిదైనా చెడ్డదైనా చట్టం రాత మాత్రం ఒకటే. దాన్ని ఎవరి మీద ప్రయోగించాలో ఆనాటి పాలకుడు తేలుస్తాడు.

సమాధానం: నిలువుటద్దం

ఎర్రసిరా గారూ, మాస్కును వ్యాధి ఉన్నన్నాళ్లు వేసుకొని తీసేశాం. తాత్కాలికమైన ఇబ్బందినీ శాశ్వతమైన ఆచారాన్నీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు.

జాజిపందిరి గారి మాటకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆమె ఇష్టాన్ని శంకించే హక్కు నాకు లేదని ఒప్పుకుంటాను. అయితే చట్టం ఒక్కొక్కరి మనసు చూసి రాయలేం. కొందరి ఇష్టానికి నష్టం కలిగినా మరికొందరికి విడుదల దొరుకుతుందనుకుంటే, ఆ నష్టాన్ని భరించవచ్చని నేను అంటాను.

సమాధానం: కచేరీమెట్లు

నిలువుటద్దం గారి లెక్కలో ఒక అంకె లోపించింది. నిషేధం వచ్చాక, బలవంతానికి లోనైన స్త్రీ ముఖం తెరిచి బయటికి వస్తుందని ఆయన అనుకుంటున్నారు. బలవంతపెట్టే మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా, ‘అయితే బయటికే పోవద్దు’ అనడానికి అతనికి ఎంతసేపు పడుతుంది? ఇరాన్‌లో 1936లో రెజా షా పరదాను నిషేధించి పోలీసుల చేత వీధుల్లో లాగి తీయించినప్పుడు ఎందరో స్త్రీలు గడప దాటడమే మానేశారు. అదే దేశంలో 1979 విప్లవం తర్వాత తల కప్పుకోవడం తప్పనిసరి అయింది, కప్పుకోని స్త్రీల వెంట పోలీసులు పడ్డారు. రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న పోలిక ఆయనకు కనిపించకపోవడం నాకు ఆశ్చర్యం.

బలవంతపెట్టినవాడికి ఏడాది జైలు అన్న నిబంధనను నేను కూడా మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దానికి స్త్రీకి జరిమానా వేసే నిబంధనతో ముడి పెట్టనక్కర లేదు. బాధితురాలు ఫిర్యాదు చేయాలంటే ముందుగా తానే నేరస్థురాలిగా పోలీసు స్టేషన్‌కు వెళ్లవలసి వచ్చే చట్టంలో, ఆమె ఫిర్యాదు చేస్తుందని ఆశించడం అత్యాశ. డెన్మార్క్‌లో మొదటి తప్పుకు 1,000 క్రోనర్లు, నాలుగవసారికి 10,000 క్రోనర్ల వరకు జరిమానా ఉంది. ఆ సొమ్ము ఎవరి చేతిలోంచి పోతుంది?

సమాధానం: నదీతీరం

అందరికీ కృతజ్ఞతలు. వీధి విషయంలో నేను కచేరీమెట్లు గారి వైపు మొగ్గుతున్నాను. అయితే కోర్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. సాక్షి బోనులో నిలబడ్డ స్త్రీ ముఖం చూడకుండా, ఆమె మాట మీద ఒక మనిషిని జైలుకు పంపవచ్చా? నెదర్లాండ్స్ 2019 ఆగస్టు 1 నుంచి వీధిని వదిలిపెట్టి బడులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు రైళ్లలో మాత్రమే నిషేధం పెట్టింది. ఆ పద్ధతిని మీరు ఒప్పుకుంటారా?

సమాధానం: కచేరీమెట్లు

నెదర్లాండ్స్ పద్ధతిలో సగం ఒప్పుకుంటాను. బడిలో పాఠం చెప్పే టీచరు ముఖం పిల్లలకు కనిపించాలి. చిన్నపిల్లలు పెదవుల కదలిక చూసి మాట నేర్చుకుంటారు, టీచరు కోపంగా ఉందో నవ్వుతోందో చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఆ ఉద్యోగంలో ముఖం కూడా పనిముట్టే. రైల్లో కూర్చున్న ప్రయాణికురాలికి ఆ నియమం ఎందుకో నాకు బోధపడదు. టికెట్టు చూపిస్తే చాలు కదా. ఆసుపత్రిలో అయితే మరీ అన్యాయం. రోగి తలుపు దగ్గరే ఆగిపోయే నియమం వైద్యానికి పనికిరాదు.

కోర్టు విషయం మాత్రం నిజంగా కష్టమైనది. కెనడా సుప్రీంకోర్టు 2012లో ఆర్. వర్సెస్ ఎన్.ఎస్. కేసులో దీన్ని పరిశీలించింది. తనపై లైంగిక దాడి జరిగిందని ఒక స్త్రీ ఫిర్యాదు చేశారు, నిందితులు ఆమె బంధువులే. నిఖాబ్‌తోనే సాక్ష్యం చెబుతానన్నారు. నిందితులు మాత్రం ఆమె ముఖం కనిపించకపోతే తమ న్యాయవాది సరిగా ప్రశ్నించలేడన్నారు. ఏడుగురు న్యాయమూర్తులు మూడు చీలికలయ్యారు. నలుగురు ఏ కేసుకు ఆ కేసు పరిశీలించి నిర్ణయించాలన్నారు, ఇద్దరు సాక్ష్యం చెప్పేటప్పుడు ఎన్నడూ అనుమతించరాదన్నారు, ఒకరు సాక్షి గుర్తింపే వివాదమైనప్పుడు తప్ప తీయించరాదన్నారు. చివరికి కింది కోర్టు ఆమెను నిఖాబ్ తీయమంది. ఇంగ్లండ్‌లో 2013లో ఒక న్యాయమూర్తి మధ్యే మార్గం చూపారు. నిందితురాలు విచారణ సాగినంతసేపూ నిఖాబ్‌తో కూర్చోవచ్చు, తాను సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం తీయాలి, అప్పుడు కూడా తెర అడ్డుపెట్టి న్యాయమూర్తికి, జ్యూరీకి, న్యాయవాదులకు మాత్రమే కనిపించేలా చేయవచ్చన్నారు.

ముఖం చూసి అబద్ధం పట్టగలమన్న మన నమ్మకం కూడా అంత గట్టిదేమీ కాదు. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ముసుగు వేసుకున్న సాక్షుల అబద్ధాలను పరిశీలకులు ముసుగు లేనివారివాటి కంటే కొంత మెరుగ్గానే పట్టుకోగలిగారు. బహుశా ముఖం మీద దృష్టి తగ్గి మాట మీద పెరిగినందువల్ల కావచ్చు. అయినా నిందితుడి జీవితం పందెంలో ఉన్నప్పుడు నేను ఆ ఒక్క పరిశోధన మీద ఆధారపడను. ఇంగ్లండ్ న్యాయమూర్తి తెరనే ఎంచుకుంటాను. లైంగిక దాడి కేసులో సాక్షికి ఆ తెరతో పాటు మహిళా న్యాయవాదిని, మహిళా న్యాయమూర్తిని కోరే అవకాశం కూడా ఇవ్వాలంటాను. సిబ్బంది చాలక అది సాధ్యం కాదని కోర్టు చెబితే, ఆ కేసులో నిఖాబ్ తీయమని ఒత్తిడి చేసే అర్హతను కోర్టు అక్కడికక్కడే కొంత పోగొట్టుకుందని నా అభిప్రాయం.

సమాధానం: జాజిపందిరి

ఆ తెర షరతుకు నాకు అభ్యంతరం లేదు. మహిళా న్యాయమూర్తి దొరకని రోజున విచారణ వాయిదా వేస్తారా, సాక్షిని తీయమంటారా అన్నది మాత్రం చట్టంలోనే రాసి ఉండాలి. ఆ రోజు బోనులో నిలబడ్డ ఆమె చేత ఆ నిర్ణయం చేయించకూడదు.